నెట్టు లేని ఇంట కొన్న ఆట

ఒకప్పుడు వస్తువు కొనుట అనగా అంగడికి పోయి, వెల చెల్లించి, దానిని చేతబట్టుకొని ఇంటికి తెచ్చుకొనుటయే. నాగలి అయినను, నవారు మంచము అయినను, గ్రామఫోను రికార్డు అయినను, ఇల్లు చేరిన పిమ్మట అంగడివానితో మనకు పని ఉండెడిది కాదు. కంప్యూటరు ఆటలును చాలకాలము ఆ విధముగనే అమ్ముడుపోయినవి. పెట్టెలో ఒక బిళ్ళ ఉండెడిది. దానిని యంత్రములో ఉంచగనే ఆట మొదలయ్యెడిది. నేడు చాలవఱకు పెట్టెయు లేదు, బిళ్ళయు లేదు. వెల చెల్లింపగనే ఆట మన పేర వ్రాయబడును. వస్తువు మాత్రము అంతర్జాలము ద్వారా దిగిరావలెను. దిగివచ్చిన పిమ్మటనైనను అంగడితో పని తీరదు. ఆటను తయారుచేసినవారు దానిని తఱచుగా సవరించుచుందురు. ఆ సవరింపునే అప్‌డేటు అందురు. ఇంట నెట్టు ఉన్నవారు రాత్రి పండుకొని లేచునప్పటికి అది తనంత తానే దిగి ఉండును. లేనివారి గతి ఏమి?

కర్నూలు, కడప జిల్లాలలో ఈ ప్రశ్న పలువురికి కలుగునట్టిదే. పట్టణములలో వీధి వీధికిని తీగ వచ్చినది. కాని ఆలూరు, పత్తికొండ ప్రాంతపు మెట్ట పల్లెలలోను, పోరుమామిళ్ళ దాటి నల్లమల అంచున ఉన్న ఊళ్ళలోను ఎన్నియో ఇండ్లకు చేతి ఫోనే నెట్టు. అట్టి పల్లెల పిల్లలను ఉద్దేశించియే 2008లో ఇడుపులపాయ ట్రిపుల్ ఐటి ఏర్పడినది. చదువు కొఱకు కొన్న ల్యాప్‌టాప్ సెలవులలో విద్యార్థితోబాటు ఊరికి వచ్చును. తగ్గింపు ధరల దినములలో అయిదువందలో, వేయియో పెట్టి కొన్న ఆటయు దానితోబాటు వచ్చును.

చదువుకొను పిల్లలకు ఆటలు ఏల అని పెద్దలు కొందఱు అడుగవచ్చును. ఆ చర్చ వేఱు. న్యాయముగా వెల ఇచ్చి కొన్న వస్తువు కొన్నవారికి ఉపయోగపడవలెనా, వద్దా అన్నదే ఇచ్చటి చర్చ. హైదరాబాదు వాడు ఇచ్చిన వెలనే ఆలూరు వాడును ఇచ్చినాడు. దొంగ ప్రతిని ముట్టక, కొని ఆడుకొనవలెను అను బుద్ధి గల కుఱ్ఱవానికి, కొన్నది అక్కఱకు రాకపోయినచో మఱుసటిసారి ఆ బుద్ధి నిలుచునా? అందుచేత ఇది వినోదమునకు మాత్రమే సంబంధించిన విషయము కాదు.

ముందుగా లెక్క చూతము. దినమునకు ఒకటిన్నర గిగాబైటు ఇచ్చు ఫోను పథకములు మన వైపు విస్తారముగా వాడుకలో ఉన్నవి. నేటి పెద్ద ఆట ఒకటి 60 గిగాబైట్లు ఉండుట వింత కాదు. తక్కిన పనులన్నియు మాని, వచ్చిన డేటా అంతయు దానికే ధారపోసినను 40 దినములు పట్టును. అప్‌డేటు 15 గిగాబైట్లు అయినచో 10 దినములు. ఆనాటి కోటా తీరిన పిమ్మట వేగము సెకనుకు 64 కిలోబిట్లకు పడిపోవునట్టి పథకములు కలవు. ఆ వేగమున ఒక్క గిగాబైటు దిగుటకు సుమారు 35 గంటలు కావలెను. వాడుకొనక మిగిలిన కోటాయా, రేపటికి నిలువ ఉండదు, అర్ధరాత్రితో చెల్లిపోవును.

నిలువ ఉండనిదానిని నిలువ చేసికొనుట రాయలసీమకు కొత్త విద్య కాదు. పోరుమామిళ్ళలో 1369 నాటి శాసనము ఒకటి కలదు. విజయనగర రాజకుమారుడు భాస్కర భవదూరుడు అచ్చట కట్టించిన చెరువును గూర్చి అది తెలుపును. మంచి చెరువునకు కావలసిన అంగములు పండ్రెండు అనియు, చెరువునకు ఉండరాని దోషములు ఆఱు అనియు అందు లెక్కించి చెప్పినారు. నీరు స్వల్పమై భూమి విస్తారమగుట ఒక దోషము. నీరు అధికమై చోటు చాలకపోవుట మఱొక దోషము. నెట్టు విషయమునను ఈ రెండు దోషములే మనలను బాధించును. ఇంటి వద్ద డేటా స్వల్పము, ఆట విస్తారము. పట్టణమునకు పోయినప్పుడు డేటా సమృద్ధి, దానిని పట్టి తెచ్చుకొను చోటు మన వద్ద లేదు. వాన కురిసినప్పుడు పట్టి, కురియనప్పుడు వాడుకొనుట చెరువు ధర్మము. ఇచ్చట చెరువు చేయు పనిని హార్డ్ డిస్కు చేయును.

ఆ డిస్కు మీద తెచ్చుకొన్న ఆట మన ఇంట నడచునా? దీనికి సమాధానము తెలియవలెనన్నచో ఒక ముఖ్య విషయమును గ్రహింపవలెను. డిజిటలుగా కొన్న ఆటలో రెండు భాగములు కలవు. ఒకటి హక్కు, రెండవది సరకు. ఈ ఆటను ఫలానివారు కొన్నారు అని అంగడి ఖాతాలో వ్రాసి ఉన్నదే హక్కు. దానిని సరిచూచుకొనుటకు అతి స్వల్పమైన డేటా చాలును. ఫోను హాట్‌స్పాట్‌తో రెండు మూడు నిమిషముల పని. సరకు అనగా ఆట ఫైళ్ళు. పదుల కొలది గిగాబైట్ల బరువు. హక్కు అంగడి నుండియే రావలెను. సరకు ఏ దారిని వచ్చినను సరకే. మిత్రుని ఇంటి నుండి వచ్చినను, ఆదోని బస్సులో సంచిలో వచ్చినను అవే ఫైళ్ళు. కావున బరువైన సరకును చేత మోసికొని వచ్చి, తేలికయైన హక్కును ఫోను ద్వారా తెచ్చుకొనుటయే ఉపాయము. తక్కిన వివరములన్నియు ఈ ఒక్క సూత్రమును అనుసరించినవే.

అప్‌డేటు ఏ విధముగా పని చేయునో కూడ కొంచెము తెలిసికొందము. 2003లో ఆరంభమైన స్టీమ్ అను అంగడి ఆట ఫైళ్ళను సుమారు ఒక్కొక్క మెగాబైటు తునకలుగా విభజించును. ఏ తునకలు ఉండవలెనో తెలుపు పట్టిక ఒకటి ఉండును. మన యంత్రములోని తునకలను ఆ పట్టికతో పోల్చి, మాఱిన తునకలను మాత్రమే దింపును. పాత ఇంటికి మరమ్మతు చేయునప్పుడు చెదలు పట్టిన దూలములనే మార్చుట వంటిది. అందుచేత మిత్రుని వద్ద నుండి తెచ్చిన ప్రతి కొంచెము పాతదైనను నష్టము లేదు. అరువది గిగాబైట్లలో లోపించిన రెండు మూడు మాత్రమే నెట్టు నుండి రావలసి ఉండును.

ఆకాశవాణిలో పని చేయువారికి ఇచ్చట ఒక భేదము స్పష్టముగా కనబడును. 1963లో నెలకొన్న కడప రేడియో కేంద్రము నుండి ఒక పాట ప్రసారమైనప్పుడు దానిని పదిమంది విన్నను, పదివేలమంది విన్నను కేంద్రము పంపునది ఒక్కసారియే. అంతర్జాలపు ఆట అట్లు కాదు. ఒక ఊరిలో ఇరువదిమంది ఒకే ఆటను కొన్నచో, అదే సరకు ఇరువది మారులు వేర్వేరుగా దిగవలెను. ఇరువది కోటాలు ఖర్చు కావలెను. ఈ వ్యర్థమును తప్పించుటకు పూర్వము రేడియోనే వాడిన దేశములు కలవు. 1983 నుండి యుగోస్లావియాలో బెల్‌గ్రేడు రేడియో వారి ‘వెంటిలేటర్ 202’ అను కార్యక్రమములో జోరాన్ మోడ్లి కంప్యూటరు ఆటలను ధ్వని రూపమున ప్రసారము చేసినాడు. శ్రోతలు ఆ కీచుధ్వనిని క్యాసెట్టు మీద పట్టి, కంప్యూటరుకు వినిపించి ఆడుకొన్నారు. నెదర్లాండ్సు రేడియోయు ఆ దశాబ్దమున ఇట్టి ప్రసారములు చేసినది. క్యూబాలో మఱొక పద్ధతి వచ్చినది: వారమునకొకసారి సుమారు ఒక టెరాబైటు సరకును డిస్కులకు ఎక్కించి చేతుల మీదుగా ఇంటింటికి చేర్చుదురు. అందు హక్కు లేని సరకే హెచ్చు కావున అది మనకు ఆదర్శము కానేరదు. కాని తీగ లేని చోట మనుష్యుడే తీగయై సరకును మోయగలడని అది నిరూపించినది.

ఇక ఏ అంగడి ఆటను ఏ విధముగా మోసికొని రావచ్చునో చూతము. అన్నిటికంటె సులభమైనది పోలెండుకు చెందిన జి.ఓ.జి. పద్ధతి. 2008లో ఆరంభమైన ఈ అంగడి తాళము లేని ప్రతులను అమ్మును. మన ఖాతాలోనికి ఏ కంప్యూటరు నుండియైనను పోయి, ఆటను స్థాపించు ఫైళ్ళను దింపుకొని, డిస్కు మీద ఇంటికి తెచ్చి ఎక్కించుకొనవచ్చును. ఇంటి యంత్రము ఒక్కసారియైనను నెట్టు ముఖము చూడనక్కఱ లేదు. సవరింపులును పెక్కు ఆటలకు వేరు ఫైళ్ళుగా దొరకును.

స్టీమ్ పద్ధతిలో తాళము కలదు. అయినను దారి లేకపోలేదు. ఆట ఫైళ్ళను దాచుకొనుటకు ‘బ్యాకప్’ అను సదుపాయము అందే కలదు. దానితో డిస్కు మీదికి ఎక్కించుకొని, ఇంటి కంప్యూటరులో తిరిగి స్థాపించి, పిమ్మట ఫోను హాట్‌స్పాట్‌తో హక్కును సరిచూపవలెను. 2023 ఫిబ్రవరిలో ఇంకొక సదుపాయము వచ్చినది. ఒకే రౌటరుకు తగిలిన రెండు కంప్యూటర్లలో ఒకదానిలో ఆట ఉన్నచో, రెండవది దానిని అంతర్జాలము నుండి గాక పక్క యంత్రము నుండియే గ్రహించును. రౌటరు లేనిచోట ఒక ఫోను హాట్‌స్పాట్‌కు రెండు ల్యాప్‌టాప్‌లను తగిలించినను సాధారణముగా పని జరుగును. బరువైన సరకు రెండు యంత్రముల నడుమనే నడచును గనుక ఫోను కోటాకు పెద్ద దెబ్బ తగులదు. పట్టణము నుండి సెలవులకు వచ్చిన ఒక్క విద్యార్థి తన ల్యాప్‌టాప్‌లో తాజా ప్రతిని తెచ్చినచో, అదే ఆటను కొన్న ఊరి మిత్రులందఱికిని అది చాలును.

నింటెండో స్విచ్ అను చేతియంత్రములో ఈ సౌకర్యము ఇంకను సులభము. ఒకే ఆట గల రెండు యంత్రములను దగ్గఱ ఉంచి, పాత ప్రతిని కొత్త ప్రతితో సమానము చేయుమని కోరవచ్చును. నెట్టుతో పని లేదు. ప్లేస్టేషనులో యంత్రపు సొంత సాఫ్టువేరును పెన్‌డ్రైవు ద్వారా సవరింపవచ్చును గాని, ఆటల సవరింపునకు యంత్రము నెట్టుకు తగులవలసినదే. అందుచేత నెలకొకసారి ఆ యంత్రమునే సంచిలో పెట్టుకొని బంధువుల ఇంటికి పోవుట తప్పదు.

మోసికొని వచ్చువారు కొన్ని జాగ్రత్తలు పాటింపవలెను. కొత్త పెన్‌డ్రైవులు పెక్కు ఫ్యాట్ 32 అను పాత అమరికతో వచ్చును. దానిలో 4 గిగాబైట్లకు మించిన ఒంటి ఫైలు పట్టదు; చోటు ఎంత ఉన్నను నకలు నడుమ ఆగిపోవును. ముందుగానే దానిని ఎక్స్ ఫ్యాట్ అమరికకు మార్చుకొనవలెను. మార్చునప్పుడు అందలి పాత ఫైళ్ళు చెఱిగిపోవునని మఱువరాదు. నెట్ సెంటరు కంప్యూటరులో మన ఖాతా రహస్యపదమును కొట్టుట క్షేమము కాదు; సాధ్యమైనంతవఱకు స్వంత ల్యాప్‌టాప్‌నే తీసికొనిపోవలెను. పరుల యంత్రములో పెట్టి తీసిన పెన్‌డ్రైవును వైరసు పరీక్ష చేయక తెఱవరాదు. అప్‌డేటు ఎక్కుచుండగా కరెంటు పోయినచో ఫైళ్ళు చెడవచ్చును; అట్టి తఱి ఆటను తొలగించి మొదటి నుండి దింపక, ఫైళ్ళను సరిచూడుమని స్టీమ్‌ను ఆజ్ఞాపించిన చెడిన తునకలను మాత్రమే తెచ్చును.

అన్నిటికంటె ముఖ్యమైన జాగ్రత్త ఇంకొకటి. సగము దిగిన అప్‌డేటు ఆటను ఆడనీయక ఆపివేయును. నిన్నటివఱకు చక్కగా నడచిన ఆట, ఫోను హాట్‌స్పాట్‌ను ఒక్క నిమిషము తగిలించినంత మాత్రమున పండ్రెండు గిగాబైట్లు అడిగి మొండికేయుట పలువురు ఎఱిగినదే. దీనికి నివారణ కలదు. అప్‌డేట్లు ఏ గంట నుండి ఏ గంటవఱకు దిగవలెనో స్టీమ్ అమరికలలో నియమింపవచ్చును. నెట్టు సమృద్ధిగా ఉన్నచోట ఆటను ఒకసారి తెఱచి, సరిగా నడచునని చూచుకొని, ఆఫ్‌లైన్ పద్ధతికి మార్చి ఇంటికి తెచ్చుకొనవలెను. ఒంటరిగా ఆడు ఆటలకు ప్రతి అప్‌డేటును వెంటనే ఎక్కింపవలసిన పని లేదు. నలుగురితో నెట్టు మీద ఆడు ఆటలకు మాత్రము అందఱి ప్రతియు ఒకటిగా ఉండవలెను. అందుచేత నెట్టు లేని ఇంటికి అట్టి ఆటను కొనుట కోరి కష్టము తెచ్చుకొనుటయే.

సరకు నింపుకొనుటకు చోటు ఎచ్చట? బంధుమిత్రుల ఇండ్లలోని తీగ మొదటిది. ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్‌ను 2017 డిసెంబరు 27న నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించినారు. భూమిని త్రవ్వక, కరెంటు స్తంభముల మీదుగా తీగ లాగి, ఆనాడు నెలకు 149 రూపాయల కనీస రుసుముతో దానిని మొదలుపెట్టినారు. పక్క వీధికి వచ్చినదేమో విచారించుట మంచిది. రెండవది రైల్వే స్టేషను. దేశమున 6,000 కు పైగా స్టేషన్లలో రైల్‌టెల్ సంస్థ వైఫై ఏర్పాటు చేసినది. ఉచితముగా ఇచ్చు అరగంటలో సెకనుకు ఒక మెగాబిట్టు వేగమున 225 మెగాబైట్లకు మించి దిగదు. కాని 2021 మార్చిలో ప్రకటించిన రుసుముల ప్రకారము పది రూపాయలకు ఒక దినము 5 గిగాబైట్లు, 34 మెగాబిట్ల వేగముతో ఇచ్చినారు. ఆ వేగము నిజముగా అందినచో ఇరువది నిమిషముల పని. రుసుములు మాఱుచుండును గనుక అడిగి తెలిసికొనవలెను. మూడవది 2020 డిసెంబరు 9న కేంద్ర మంత్రివర్గము ఆమోదించిన పి.ఎం. వాణి పథకము. కిరాణా కొట్టు వంటి చిన్న అంగడి కూడ లైసెన్సు లేకయే వైఫై అమ్ముటకు దాని వలన వీలు కలిగినది. ఊరి కొట్టువాడు ఒక్కడు పూనుకొన్నను ఊరికంతకును నెట్టు అందును. కళాశాల నెట్టు మాత్రము చదువునకై ఉద్దేశింపబడినది. అనుమతి లేక దానిని ఆటలకు వాడుట తగదు.

మోతకష్టము ఇట్లు తీఱును. కాని హక్కు మాట ఏమి? సరకు మన డిస్కు మీద ఉన్నను హక్కు అంగడివాని చేతిలో ఉన్నంతకాలము ఆట పూర్తిగా మనది కాదు. 2014లో విడుదలైన ‘ది క్రూ’ అను కారు పందెముల ఆట ఒంటరిగా ఆడుకొనువారికి కూడ ఎడతెగని నెట్టు కోరెడిది. 2024 మార్చి 31న యూబీసాఫ్ట్ సంస్థ దాని సర్వర్లను ఆపివేసినది. వెల ఇచ్చి కొన్నవారందఱికిని ఆట ఆనాటితో ముగిసినది. అటు పిమ్మట అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రము, అమ్మునది వస్తువు కాదు, అనుమతి మాత్రమే అని కొనువారికి స్పష్టముగా తెలుపవలెనని శాసనము చేసినది. అది 2025 జనవరి 1న అమలులోనికి వచ్చినది. నెట్టు లేకయే వాడుకొనుటకు శాశ్వతముగా దింపుకొనదగిన సరకునకు ఆ నియమము వర్తింపదు. అట్టి సరకే నిజముగా కొన్న సరకు అని ఆ శాసనము ఒప్పుకొన్నట్లయినది. మన దేశమున 2020 జులై 20న అమలులోనికి వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టము డిజిటల్ వస్తువుల అమ్మకమును కూడ తన పరిధిలో చేర్చుకొన్నది. మోసపోయినట్లు తోచినవారు 1915 సంఖ్యకు ఫోను చేసి ఫిర్యాదు చెప్పుకొనవచ్చును.

కావున నెట్టు లేని ఇంటివారు ఆట కొనుటకు పూర్వమే నాలుగు ప్రశ్నలు వేసికొనవలెను. దీని పరిమాణము ఎంత? నెట్టు లేక నడచునా? సరకును డిస్కు మీద దాచుకొను వీలు కలదా? అంగడి మూతపడినను ఆట మిగులునా? నాలుగవదానికి ‘అవును’ అను సమాధానము వచ్చు ఆటలు కొన్నియే, కాని ఉన్నవి. వెల సమానమైనప్పుడు అట్టివానిని ఏఱుకొనుట వివేకము. అమ్మువారికిని ఒక మాట చెల్లును. సవరింపును విడి ఫైలుగా ఇచ్చుటయు, దాని బరువును ముందుగా తెలుపుటయు వారికి పెద్ద శ్రమ కాదు. ఆ కొంచెము శ్రమ వారు పడినచో, తీగ చేరని పల్లెవాడు కూడ తాను కొన్నదానిని తానే అనుభవింపగలడు. అందాక బస్సు, పెన్‌డ్రైవు, తోటివాని స్నేహము, ఈ మూడే మన మెట్ట పల్లెలకు తీగ.